‘బాగుంది’ దగ్గరే ఆగిపోకండి

సందేహాలు - సమాధానాలు: పెన్సిల్ బొమ్మలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఏ పెన్సిల్ కొనాలి, ఏ కాగితం మంచిది అన్న ప్రశ్నలు తక్కువ. వేసిన బొమ్మను నలుగురికీ చూపించాక వినాల్సి వచ్చే మాటల గురించే ఎక్కువమంది రాశారు. మెచ్చుకోలుతో తృప్తి పడలేనివాళ్లు, విమర్శ విని పెన్సిల్ పక్కన పెట్టేసినవాళ్లు, ఎదుటివాళ్ల బొమ్మ మీద ఏం చెప్పాలో తోచనివాళ్లు వీరిలో ఉన్నారు. అందరికీ నేను చెప్పదలిచింది ఒక్కటే. బొమ్మ గురించి చెప్పే మాట కాగితం మీద ఫలానా చోటును చూపించాలి. తర్వాతి బొమ్మలో చేయాల్సిన పనిని కూడా చెప్పాలి. ఈ రెండూ లేని మాట తీపిదైనా చేదుదైనా, వేసినవాళ్ల చేతికి ఏమీ అందించదు.

ప్రశ్న: తీరిక దొరికినప్పుడల్లా పెన్సిల్‌తో ముఖాలు వేస్తుంటాను. ఇంట్లో చూపిస్తే ‘సూపర్’ అంటారు. ఆఫీసులో చూపిస్తే ‘అచ్చం ఫొటోలా ఉంది’ అంటారు. బొమ్మలో ఏదో లోటుందని నాకే తెలుస్తోంది, అదేమిటో చెప్పేవాళ్లు లేరు. నిజం చెప్పేవాళ్లను ఎక్కడ వెతుక్కోవాలి?
- ఒక బ్యాంకు ఉద్యోగిని, కాకినాడ

జవాబు: కొత్త మనుషులను వెతికేముందు మీరు అడిగే ప్రశ్నను మార్చి చూడండి. ‘ఎలా ఉంది?’ అని అడిగితే మన ఇళ్లలో ‘బాగుంది’ అనే అంటారు. అది మీ మీద ఉన్న అభిమానం. దాన్ని సంతోషంగా తీసుకోండి, కానీ బొమ్మ మీద తీర్పుగా లెక్కవేయకండి.

జవాబు చెప్పడానికి బొమ్మను చూడక తప్పని ప్రశ్నలు వేయండి. ‘రెండు కళ్లలో ఏది కిందికి జారినట్టుంది?’, ‘వెలుగు ఏ వైపు నుంచి పడుతున్నట్టుంది?’, ‘చూడగానే మీ చూపు ముందుగా ఎక్కడ నిలిచింది?’ ఇలాంటివాటికి బొమ్మలు వేయడం రానివాళ్లు కూడా సరైన జవాబు చెప్పగలరు. మీరు ఎడమవైపు నుంచి వెలుగు పడేలా షేడింగ్ చేశాననుకుంటే, మీ అత్తగారు తడుముకోకుండా ‘ఎదురుగా’ అన్నారనుకోండి. ముక్కుకు, గడ్డం కిందికి మీరిచ్చిన నీడ చాలలేదని ఆవిడ చెప్పినట్టే.

చూసి వేసిన బొమ్మ అయితే ఫొటోను కూడా పక్కన పెట్టండి. పోల్చడానికి ఏమీ లేకపోతే ఎవరైనా మర్యాదగా మెచ్చుకుని ఊరుకుంటారు. బొమ్మలు వేసేవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఇందులో అన్నిటికన్నా ముందు సరిచేసుకోవాల్సింది ఒక్కటి చెప్పండి’ అని అడగండి. మీ ఊరి హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారో, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైనవాళ్లో ఉంటారు. అంత స్పష్టంగా అడిగితే వాళ్లు కాదనరు.

వాళ్లు చెబుతున్నంతసేపు ‘అది ఎందుకలా వచ్చిందంటే’ అని మొదలుపెట్టకండి. కారణాలు వినగానే ఎదుటివాళ్లు మాట మెత్తబరుస్తారు, మీకు కావలసింది అందులోనే పోతుంది. విన్నది బొమ్మ వెనకవైపు తేదీ వేసి రాసుకోండి.

ప్రశ్న: మా తాతయ్య బొమ్మ వేసి అమ్మకు చూపించాను. ‘బొమ్మ బాగుంది గానీ మీ తాతయ్యలా లేదురా’ అంది. ఎక్కడ తేడా వచ్చిందో తనకూ తెలియదట. కొలతలన్నీ పుస్తకంలో చెప్పినట్టే తీసుకున్నాను. బొమ్మ, ఫొటో రెండూ పంపుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి.
- డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని స్కేలుతో కొలిచాను. మీ అమ్మగారు సరిగ్గానే పట్టుకున్నారు. కారణాలు ఇవీ.

మొదటిది కళ్లు. మీ బొమ్మలో నడినెత్తి నుంచి గడ్డం దాకా 16 సెంటీమీటర్లుంది. కళ్లు పైనుంచి 7 సెంటీమీటర్ల దగ్గర ఉన్నాయి. ముఖం తిన్నగా ఎదురుగా ఉన్నప్పుడు పెద్దవాళ్ల కళ్లు తల ఎత్తులో దాదాపు సగం దగ్గర ఉంటాయి. ఫొటోలోనూ అలాగే ఉన్నాయి. అంటే ఇక్కడ 8 సెంటీమీటర్ల దగ్గర రావాలి. కొత్తగా వేసేవాళ్లు చాలామంది కళ్లను పైకి జరిపేస్తారు, ఎందుకంటే మన ధ్యాసంతా కళ్లు, ముక్కు, నోటి మీదే ఉంటుంది, నెత్తిని లెక్కలోకి తీసుకోం. మీ తాతగారికి ముందువైపు జుట్టు లేదు, నుదురు విశాలం. ఆయన పోలికలో సగం ఆ నుదుట్లోనే ఉంది. కళ్లు సెంటీమీటరు పైకి పోయేసరికి అది కుదించుకుపోయింది.

రెండోది నోరు. జుట్టు మొదలయ్యే చోటు నుంచి కనుబొమల దాకా, అక్కడి నుంచి ముక్కు అడుగుదాకా, అక్కడి నుంచి గడ్డం దాకా మూడూ సమానమని పుస్తకాలు చెబుతాయి. అది సగటు లెక్క. ఫొటోలో తాతగారికి పళ్లు ఊడి పెదవులు లోపలికి పోయాయి, గడ్డం ముక్కుకు దగ్గరగా వచ్చింది. మూడో భాగం మిగతావాటికన్నా స్పష్టంగా పొట్టి. మీరు దాన్ని పుస్తకం ప్రకారం సాగదీసి ఆయనకు నలభై ఏళ్ల నాటి నోరు పెట్టారు. సగటుకు ఒక మనిషి ఎక్కడెక్కడ ఎంత తేడాగా ఉన్నాడో అక్కడే పోలిక దొరుకుతుంది. పుస్తకంలోని కొలత ఆ తేడాను కనిపెట్టడానికి, దాన్ని చెరిపేయడానికి కాదు.

మూడోది వెలుగునీడలు. కళ్లలో తెల్లగుడ్డును కాగితం తెలుపుగానే వదిలేశారు. పై రెప్ప నీడ గుడ్డు మీద పడుతుంది, గుడ్డు గుండ్రంగా ఉండటం వల్ల మూలల్లో ఇంకా మసక ఉంటుంది. కాగితం తెలుపు మిగలాల్సింది నల్లగుడ్డు మీద మెరిసే చుక్కలో మాత్రమే. బొమ్మంతా హెచ్‌బి ఒక్కదానితోనే వేసినట్టుంది. ఎంత అదిమినా హెచ్‌బి ముదురు బూడిద దగ్గరే ఆగిపోతుంది, కాగితం మాత్రం నునుపెక్కి మెరుస్తుంది. ముక్కు రంధ్రాలు, పెదవుల మధ్య సందు, పై రెప్ప అంచు, గడ్డం కింద మెడ, ఈ నాలుగు చోట్లా 4బి లేదా 6బి వాడండి. ముఖం కాగితంలోంచి పైకి లేస్తుంది.

ఇప్పుడు బాగా కుదిరినదాని గురించి. కుడి చెవి. సాగిపోయిన తమ్మె, దాని మడత, మడతలోని చిన్న నీడ ఎంతో శ్రద్ధగా వేశారు. చెవి ఎలా ఉంటుందన్న విషయంలో మనకు ముందే కుదిరిపోయిన అభిప్రాయం ఉండదు, అందుకే దాన్ని చూసి వేశారు. కళ్లు, నోరు ఎలా ఉంటాయో తెలుసుననుకుని వేశారు. చెవి మీద పెట్టిన చూపునే ముఖమంతా పెట్టండి.

ఈ బొమ్మను చెరిపి దిద్దకండి. తేదీ వేసి దాచి, కొత్త కాగితం మీద తేలిక గీతలతో కొలతలు మాత్రమే పెట్టి, షేడింగ్ మొదలుపెట్టకముందే అమ్మకు చూపించండి. అప్పుడే ‘తాతయ్యలా ఉంది’ అంటే ముందుకు వెళ్లండి.

ప్రశ్న: మేం కొందరం రిటైరైనవాళ్లం ఆదివారాలు బీచ్ దగ్గర కలిసి స్కెచ్‌లు వేస్తుంటాం. చివర్లో బొమ్మలన్నీ వరసగా పెట్టి మాట్లాడుకుంటాం. నేను ఒకరి బొమ్మలో ఏడెనిమిది తప్పులు చెప్పాను. అన్నీ నిజమైనవే. ఆయన ఆ తర్వాత రావడం మానేశారు. నిజం చెప్పడం తప్పా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

జవాబు: నిజం చెప్పడం తప్పు కాదు. ఒకేసారి ఏడెనిమిది చెప్పడం వల్ల ఆయనకు ఒక్కటీ అందలేదు, తాను పనికిరానన్న మాటే వినిపించి ఉంటుంది.

1885లో ఇలాంటిదే జరిగింది. విన్సెంట్ వాన్‌గో తన ‘బంగాళదుంపలు తినేవాళ్లు’ బొమ్మను లితోగ్రాఫ్‌గా అచ్చు తీసి, తోటి చిత్రకారుడు ఆంతన్ వాన్ రాపర్డ్‌కు పంపించాడు. ఇద్దరిదీ 1880 నుంచి స్నేహం. ఒకరి బొమ్మల గురించి ఒకరు దాపరికం లేకుండా రాసుకున్నవాళ్లు. రాపర్డ్ ఆ అచ్చు చూసి తీవ్రమైన ఉత్తరం రాశాడు. ఒకతని చేయి మరీ పొట్టిదన్నాడు, కెటిల్ ఎక్కడా ఆనకుండా ఉందన్నాడు. అంతటితో ఆగకుండా, ఇలాంటి పని చేస్తూ పెద్దపెద్ద చిత్రకారుల పేర్లు ఎలా ఎత్తుతావని నిలదీశాడు. వాన్‌గో ఆ ఉత్తరాన్ని తిరుగు టపాలో వెనక్కి పంపేశాడు. ఆ ఏడాదిలోనే స్నేహం తెగిపోయింది. చేయి గురించీ, కెటిల్ గురించీ రాపర్డ్ చెప్పినదాంట్లో నిజముంది. కానీ ఆ మాటలు బొమ్మను దాటి మనిషి మీదికి వెళ్లాయి, ఆ తర్వాత చేయి గురించిన మాట ఎవరికి ఎక్కుతుంది?

మీ ఆదివారం బృందానికి ఒక పద్ధతి చెబుతాను. వేసినవారే ముందు మాట్లాడాలి: ఏం వేయాలనుకున్నారు, ఎక్కడ ఇబ్బంది పడ్డారు. తర్వాత మిగతావాళ్లు కుదిరిన చోటును ఒకదాన్ని చూపించాలి. ‘గీతలు బాగున్నాయి’ అని వదిలేయకుండా ‘పడవ అడుగున గీత ముదురుగా ఉంది, అందుకే పడవ ఇసుక మీద బరువుగా ఆనింది’ అనాలి. ఆ తర్వాత కుదరనిది ఒకటి, మహా అయితే రెండు చెప్పాలి.

ఆ ఒక్కటీ ఏదో తేల్చుకోవడానికి వరస ఉంది. కాగితం మీద బొమ్మ ఎక్కడ కూర్చుంది, కొలతలు, దూరం దగ్గర తేడాలు, వెలుగునీడలు, అంచులు, చివరికి చిన్న చిన్న వివరాలు. పైనున్నది తప్పి ఉంటే కిందవాటి ఊసెత్తకండి. గోడ వంకరగా లేచిన ఇంట్లో సున్నం గురించి మాట్లాడం కదా. పడవ వంపే తప్పి ఉంటే తాళ్ల అల్లిక గురించి చెప్పడం ఆయన సమయాన్ని వృథా చేయడమే.

ఇంకొకరి కాగితం మీద మీ పెన్సిల్ పెట్టకండి. చూపించి తీరాలంటే పైన ట్రేసింగ్ పేపర్ పరిచి దాని మీద గీయండి. ఆ పెద్దమనిషి ఇంటికి ఒకసారి వెళ్లి, ఆయన బొమ్మల్లో మీకు నచ్చినదాన్ని పేరు పెట్టి చెప్పి, మళ్లీ రమ్మని పిలవండి.

ప్రశ్న: చెట్టు కింద కూర్చున్న ముసలమ్మ బొమ్మ వేశాను. ఒకరు నీడలు ఇంకా ముదురు చేయమన్నారు. ఇంకొకరు ఇప్పటికే నల్లగా మాడ్చేశావన్నారు. ఇద్దరూ బాగా వేసేవాళ్లే. ఎవరి మాట వినాలి?
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఇద్దరూ ఒకే లోపాన్ని రెండు వైపుల నుంచి చూసి ఉండవచ్చు. సలహాలు పొసగకపోయినా, ఇద్దరూ నీడల దగ్గరే ఆగారు. చిక్కు అక్కడే ఉందని ముందు ఒప్పుకోండి. ఏం చేయాలన్నది మీరు పరీక్షించి తేల్చుకోవచ్చు.

బొమ్మను గోడకు ఆనించి రెండు మూడు మీటర్లు వెనక్కి వెళ్లి కళ్లు సగం మూసి చూడండి. వివరాలు మాయమై ముదురు, మధ్యస్థం, లేత అనే మూడు ముద్దలు మిగులుతాయి. ముసలమ్మ ఆకారం చెట్టు మాను నుంచి విడిగా తెలుస్తోందా? మీరు పంపిన ఫొటోలో చూస్తే చీర మడతల సందుల్లో 6బి వేశారు, ఆమె వెనక ఉన్న మాను మాత్రం లేతగా ఉంది. మడతల్లో నలుపు ఎక్కువైందన్న మాట నిజం. మాను ముదురు కావాలన్న మాటా నిజమే. మడతలను నీడెడ్ రబ్బరుతో అద్ది కాస్త తేలిక చేసి, మానును ముదురు చేయండి. ముసలమ్మ ముందుకు వస్తుంది.

అసలు బొమ్మ మీద చేయి చేసుకోవడానికి భయమైతే రెండు జెరాక్సులు తీయించి, ఒక్కో సలహానూ ఒక్కోదాని మీద అమలు చేసి చూడండి. నచ్చినదాన్నే అసలు బొమ్మలోకి తెచ్చుకోండి. నీడ మెత్తగా రావడానికి మాత్రం వేలితో రుద్దకండి. చేతి జిడ్డు అంటుకున్న చోట మరకలు కడతాయి, రబ్బరుకు కూడా సరిగా రావు. చుట్టిన కాగితంతో గానీ, బజార్లో దొరికే స్టంప్‌తో గానీ అద్దండి.

ఇద్దరి సలహాలూ పాటించాక కూడా బొమ్మ మీరనుకున్నట్టు లేకపోతే మీరు అనుకున్నదే నిలబెట్టండి. మండుటెండ వేయాలనుకున్నవారికి ముదురు నీడ కావాలి, మబ్బు పట్టిన పొద్దు వేయాలనుకున్నవారికి అక్కర్లేదు. ఏ పూట వేయాలనుకున్నారో విమర్శకు ఇచ్చేముందే చెప్పి ఉంటే సగం గొడవ తప్పేది.

ప్రశ్న: మా పాప నాలుగో తరగతి. రోజూ బొమ్మలు వేస్తుంది. మనుషులకు తల పెద్దది, చేతులు చిన్నవి. తప్పులు చెబితే ఏడుస్తుంది, చెప్పకపోతే అలాగే అలవాటైపోతుందని భయం. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: పెద్ద తల ఆ వయసులో తప్పు కాదు. పిల్లలు తమకు ముఖ్యమనిపించినదాన్ని పెద్దగా వేస్తారు. తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి బొమ్మ నిజంగా ఉన్నట్టు రావాలన్న కోరిక వాళ్లలోనే పుడుతుంది. రాకపోతే కాగితం నలిపేస్తారు. చాలామంది పిల్లలు బొమ్మలు మానేసేది ఆ దశలోనే. అప్పుడు మీ మాట అవసరమవుతుంది, అప్పటిదాకా మీ చూపు చాలు.

పాప బొమ్మ తెచ్చినప్పుడు ‘ఇదేంటి?’ అనకుండా ‘ఇందులో ఏం జరుగుతోందో చెప్పమ్మా’ అనండి. కథ చెబుతూ చెబుతూ ‘ఇక్కడ తాత చేత్తో కర్ర పట్టుకోవాలి, నాకు రావట్లేదు’ అని తనే అంటుంది. అప్పుడు మీరు కర్ర పట్టుకుని నిలబడండి, చూసి వేసుకోమనండి. చేయి తలతో పోలిస్తే ఎంత పొడవుందో తనే కనిపెడుతుంది. తన బొమ్మను మాత్రం మీరు దిద్దకండి. దిద్దిన బొమ్మను పిల్లలు తమదనుకోరు.

రాజమహేంద్రవరంలో 1897లో పుట్టిన దామెర్ల రామారావు ప్రతిభను ముందుగా గుర్తించినవారు అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. 1925లో కన్నుమూసేనాటికి ఇంకా ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన బొమ్మలు ఈనాటికీ రాజమహేంద్రవరంలో ఆయన పేరు మీదున్న గ్యాలరీలో చూడొచ్చు. పాపను ఒకసారి తీసుకెళ్లండి. ఎదిగే చేతికి శ్రద్ధగా చూసే పెద్దవాళ్లు ఒక్కరున్నా ఎంతో మేలు జరుగుతుంది.

ప్రశ్న: బాపు గారి బొమ్మలు చూసి వేస్తుంటాను. ‘కాపీ కొట్టడం కళ కాదు’ అని ఒకరు ఎద్దేవా చేశారు. మానేయాలా?
- ఒక గృహిణి, తెనాలి

జవాబు: మానేయకండి. పెద్దల బొమ్మలు చూసి వేయడం ఎన్నో తరాలుగా నడుస్తున్న చదువు. వాన్‌గో కూడా చార్లెస్ బార్గ్ తయారుచేసిన డ్రాయింగ్ పాఠాల షీట్లను పట్టుదలగా చూసి వేసి నేర్చుకున్నాడు. అయితే రెండు నియమాలు పాటించండి. కింద ‘బాపు గారి బొమ్మ చూసి’ అని రాసి మీ సంతకం పెట్టండి. ఒక బొమ్మ అలా వేశాక, రెండో బొమ్మ ఎదురుగా ఉన్న మనిషినో వస్తువునో చూసి వేయండి. ఆయన జడను ఒక్క ఊపులో గీసిన చోట మీరు ఎన్నిసార్లు పెన్సిల్ ఎత్తారో గమనిస్తే, ఇంకొకరు చెప్పనక్కర్లేని విమర్శ మీకు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: ఉద్యోగరీత్యా మస్కట్‌లో ఉంటున్నాను. బొమ్మలు వేసేవాళ్లెవరూ తెలియదు. నా బొమ్మలో తప్పులు నేనే పట్టుకోవడం ఎలా?
- ఒక సూపర్‌వైజర్, మస్కట్

జవాబు: గంటల తరబడి చూసిన బొమ్మలో తప్పు కంటికి అలవాటైపోతుంది. ఆ అలవాటును చెదరగొడితే తప్పు బయటపడుతుంది.

బొమ్మను అద్దంలో చూడండి. కుడి ఎడమలు మారేసరికి వంగిన ముక్కు, జారిన కన్ను చప్పున తెలుస్తాయి. తర్వాత బొమ్మనూ ఫొటోనూ తలకిందులు చేసి పోల్చండి. అప్పుడు ముఖం ముఖంలా కనిపించదు, ఆకారాలూ ఖాళీలూ మాత్రమే కనిపిస్తాయి. బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో అచ్చయిన తన డ్రాయింగ్ పాఠాల పుస్తకంలో తలకిందుల బొమ్మను చూసి వేయించే అభ్యాసం పెట్టింది ఇందుకే. ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి చూస్తే వెలుగునీడల లోపాలు తెలుస్తాయి. ఫోన్‌తోనే మరీ దగ్గరగా తీసిన ఫొటో చూసి ముఖం వేస్తే మాత్రం ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఆ తప్పు మీ చేతిది కాదు, ఫొటోది. రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీసుకోండి.

ఇవన్నీ అయ్యాక బొమ్మను ఒక వారం కనిపించకుండా పెట్టేయండి. తీసి చూసిన మొదటి నిమిషంలో ఏది కంటికి గుచ్చుకుంటుందో అది రాసుకోండి. పాత బొమ్మలేవీ పారేయకండి. ఏడాది కిందటి బొమ్మ పక్కన ఇవాళ్టిది పెడితే ఏం నేర్చుకున్నారో, ఏది ఇంకా రాలేదో రెండూ తెలుస్తాయి.

పాఠకులకు ఒక మనవి. ఇకమీదట ఎవరైనా తమ బొమ్మ చేతికిచ్చి ‘ఎలా ఉంది?’ అని అడిగితే కాస్త సమయమిచ్చి చూడండి. కుదిరిన చోట ఒకటి, కుదరని చోట ఒకటి వేలితో చూపించండి. ఏమీ తోచకపోతే ‘ఇక్కడ ఎందుకిలా వేశారు?’ అని అడగండి. వచ్చేసారికి మీ బొమ్మలు పంపేటప్పుడు చూసి వేసిన ఫొటో, వాడిన పెన్సిళ్లు, బొమ్మ కొలత, మీకు అనుమానంగా ఉన్న చోటు తప్పకుండా రాయండి. అవి ఉన్న ఉత్తరాలకే ముందు జవాబిస్తాను.